టర్బో డీజిల్‌కు గాలి, చలవ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చాయి. దాదాపు అన్నీ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చి పవర్ పెంచడం) చేయించిన డీజిల్ కార్ల గురించే. ఏ ఫిల్టర్ కొనాలి, ఏ ఇంటర్‌కూలర్ (టర్బో ఇంజిన్‌లోకి నొక్కి పంపే వేడి గాలిని చల్లబరిచేది) బిగించాలి అని అడిగారు. కొనే ముందు ఏం కొలవాలో అడిగినవారు తక్కువ. అందుకే జవాబుల్లో కొలతలే ముందు వస్తాయి.

ప్రశ్న: వెర్నా 1.6 సీఆర్‌డీఐ. కంపెనీ పవర్ 128 పీఎస్, రీమ్యాప్ తర్వాత 155 దగ్గర ఉంటుందన్నారు. బోనెట్ కింద ఓపెన్ కోన్ ఫిల్టర్ (డబ్బా లేని శంకు ఆకారపు ఎయిర్ ఫిల్టర్) పెడితే ఇంకా బాగా లాగుతుందంటున్నారు. వారంలో నాలుగు రోజులు గ్రానైట్ క్వారీల రోడ్డు మీదే తిరుగుతాను. పెట్టించమంటారా? (టెక్కలి)

వద్దు. క్వారీ రోడ్డు మీద తిరిగే బండికి అసలే వద్దు. ఎందుకో లెక్కతో చెబుతాం.

128 పీఎస్ దగ్గర ఇంజిన్ గంటకు సుమారు 21 కిలోల డీజిల్ కాలుస్తుంది. పొగ రాకుండా కాలాలంటే కిలో డీజిల్‌కు 18 కిలోల గాలైనా ఉండాలి. అంటే గంటకు 380 కిలోల గాలి. 155 పీఎస్ దగ్గర అది 470 కిలోల దాకా వెళ్తుంది. ఫిల్టర్‌లో గాలికి తగిలే అడ్డు ప్రవాహానికి వర్గంగా పెరుగుతుంది. గాలి పావు వంతు పెరిగితే అడ్డు ఒకటిన్నర రెట్లు అవుతుందన్నమాట. కోన్ ఫిల్టర్ అమ్మేవాళ్లు చెప్పేది ఇక్కడిదాకా నిజమే. ఆ ఒకటిన్నర రెట్లు అసలు ఎంత అన్నదే వాళ్లు చెప్పరు.

దాన్ని మీరే కొలవొచ్చు. తాపీమేస్త్రీలు మట్టం చూసే పారదర్శకపు లెవెల్ పైపు మూడు మీటర్లు తీసుకోండి. దాన్ని ‘యూ’ ఆకారంలో ఒక చెక్కకు కట్టండి. ఒక్కో కాలు మీటరు ఎత్తు ఉండాలి. రెండు కాళ్లలోనూ సగం దాకా రంగు నీళ్లు పోయండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటాక, టర్బోకు ముందున్న రబ్బరు గొట్టానికి ఒక సన్నని నిపుల్ పెట్టి, పైపు ఒక చివర దానికి తగిలించండి. రెండో చివర తెరిచే ఉంచాలి. చెక్కను ముందు సీటులో కూర్చున్నవారు నిటారుగా పట్టుకోవాలి. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 1800 నుంచి 4000 ఆర్‌పీఎం దాకా పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చి, రెండు నీటి మట్టాల మధ్య తేడా చూడండి. సెంటీమీటరు నీరంటే దాదాపు ఒక మిల్లీబార్. తేడా 30 సెంటీమీటర్ల లోపుంటే ఫిల్టర్ మీ పవర్‌కు అడ్డం కాదు, డబ్బు వేరే చోట పెట్టండి. 60 దాటితే ఎలిమెంట్ (డబ్బాలోని వడపోత భాగం) మార్చాల్సిందే. భారీ డీజిల్ ఇంజిన్లకు పెట్టుకునే హద్దు కూడా 62 మిల్లీబార్లే.

60 దగ్గర ఏమవుతుందో కూడా చూడండి. టర్బో ముందు గాలి పీడనం 1.0 బార్‌కు బదులు 0.94 అవుతుంది. మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) 2.2 బార్ నిలబెట్టాలంటే టర్బో 2.2 రెట్లు కాదు, 2.34 రెట్లు నొక్కాలి. 40 డిగ్రీల ఎండలో టర్బో నుంచి బయటికొచ్చే గాలి సుమారు 153 డిగ్రీలు ఉండాల్సింది 163 అవుతుంది. టర్బో కూడా మరింత వేగంగా తిరుగుతుంది.

అదే ఫిల్టర్‌ను బోనెట్ కింద తెరిచి పెట్టారనుకోండి. అక్కడి గాలి ట్రాఫిక్‌లో 70 డిగ్రీలకు సులువుగా చేరుతుంది. బయటి 40 డిగ్రీల గాలితో పోలిస్తే అది దాదాపు 9 శాతం పలచన. టర్బో దాటాక అది 194 డిగ్రీలు. ఫిల్టర్‌లో మీకు మిగిలేది రెండు మూడు శాతం, వేడిలో పోయేది తొమ్మిది. మోత మాత్రం పెరుగుతుంది, దాన్నే చాలామంది పికప్ అనుకుంటారు.

ఇక దుమ్ము సంగతి. గ్రానైట్ పొడిలో ఉండేది చాలావరకు ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, రెండూ ఇనుము కన్నా గట్టివి. ఉదాహరణకు ఫిల్టర్‌కు వంద గ్రాముల దుమ్ము చేరిందనుకుందాం. 99.5 శాతం ఆపే కాగితపు ఎలిమెంట్ అర గ్రాము వదులుతుంది. 97 శాతం ఆపే పలుచని నూలు ఎలిమెంట్ మూడు గ్రాములు వదులుతుంది. చూడ్డానికి తేడా రెండున్నర శాతమే, ఇంజిన్‌లోకి వెళ్లే దుమ్ము మాత్రం ఆరు రెట్లు. నిమిషానికి లక్షన్నర సార్లకు పైగా తిరిగే కంప్రెసర్ చక్రం రెక్కల అంచులు దానికి అరుగుతాయి, తర్వాత పిస్టన్ రింగులు. నూనె పూసే నూలు ఫిల్టర్‌కు నూనె ఎక్కువైతే అది మాఫ్ సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) మీద పొరలా అంటుకుంటుంది. సెన్సర్ గాలిని తక్కువ చూపిస్తుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పొగ హద్దు పేరుతో డీజిల్ తగ్గిస్తుంది. అంత ఖర్చుపెట్టి తెచ్చిన ఫిల్టర్‌తో బండి ముందుకన్నా తక్కువ లాగుతుంది.

మీరు చేయాల్సింది ఇది. కంపెనీ డబ్బా అలాగే ఉంచండి. మంచి కాగితపు ఎలిమెంట్ వేసి, రబ్బరు అంచు చుట్టూ గ్రీజు సన్నగా రాయండి. ఫిల్టర్ దాటాక ఉన్న గొట్టంలో తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు మట్టి అంటిందంటే గాలి ఎక్కడో ఫిల్టర్‌ను తప్పించుకుని వస్తోంది. డబ్బా క్లిప్పు విరిగిందా, గొట్టం ముడతలో చీలిక ఉందా చూడండి. ఈ లీకు ముందు ఎంత ఖరీదైన ఫిల్టరైనా దండగే. మాన్యువల్‌లో మార్చే గడువు ఎంత ఉన్నా, మీ రోడ్డుకు 5,000 కిలోమీటర్లకోసారి విప్పి చూడాలి. కంప్రెసర్ గాలితో ఊదొద్దు, కాగితానికి కంటికి కనబడని చిల్లులు పడతాయి. మెల్లగా తట్టి దులపండి, అంతే.

డబ్బాకు చల్లగాలి తెచ్చే గొట్టాన్ని గ్రిల్ వెనక నుంచి 65, 70 మిల్లీమీటర్ల వ్యాసంతో వేయించుకోవచ్చు, అది పనికొచ్చే మార్పు. మూతి మాత్రం బంపర్ కిందికి దించొద్దు. మీ ఇంజిన్ ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు 25 మిల్లీలీటర్ల లోపే, అయిదు టీ చెంచాలంత. అంతకు మించి నీరు లోపలికి వెళ్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తుఫాను వర్షాల్లో రోడ్డు మీద నిలిచిన నీళ్లలోంచి వెళ్లే ప్రాంతం మనది.

ప్రశ్న: 2.2 లీటర్ల డీజిల్ ఎస్‌యూవీ, ముందు విస్కస్ ఫ్యాన్ ఉంది. రీమ్యాప్ తర్వాత సాలూరు ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ వేస్తే ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి పోతోంది. ‘థర్మోస్టాట్ ఏటికండీ, పీకేద్దాం’ అని మెకానిక్ పీకేశాడు. ఇప్పుడు హైవే మీద ముల్లు కిందనే ఉంటోంది, ఘాట్‌లో మాత్రం మళ్లీ అదే బాధ. పెద్ద రేడియేటర్ వేయించాలా? (గజపతినగరం)

ముందు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) తిరిగి పెట్టించండి. మీరు రాసిన లక్షణాల్లోనే దానికి కారణం ఉంది. థర్మోస్టాట్ లేకపోతే చదును రోడ్డు మీద ఇంజిన్ 60, 65 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. డీజిల్ సరిగా కాలదు, ఆయిల్‌లో తేమ పేరుకుంటుంది, మైలేజీ పడిపోతుంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని వెనక పళ్లెం బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే వేడి నీళ్లలో కొంత రేడియేటర్ దాకా వెళ్లకుండా ఇంజిన్‌లోనే చుట్టూ తిరుగుతుంది. అప్పుడు ఘాట్‌లో చలవ పెరగదు, తగ్గుతుంది. కొత్తది కొన్నాక గిన్నెలో నీళ్లు మరిగించి, తాడుకు కట్టి వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి చూడండి. దాని మీద ముద్రించిన డిగ్రీలకు రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూగా తెరుచుకోవాలి. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో 10, 12 డిగ్రీలు పడుతుంది.

తర్వాత ఫ్యాన్. మీ తీరుకు మా మొదటి అనుమానం దాని మీదే. హైవేలో బండి వేగమే గాలి తోస్తుంది, ఘాట్‌లో రెండో గేరు మీద పాకుతున్నప్పుడు ఆ పని ఫ్యాన్ ఒక్కటే చేయాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపేసి, తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాక, రెక్కను చేత్తో తిప్పి వదలండి. ఫ్యాన్ క్లచ్ (వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ను ఇంజిన్‌తో కలిపి తిప్పే భాగం) బాగుంటే బిగువుగా ఉండి ఒక చుట్టు లోపే ఆగాలి. గిర్రున రెండు మూడు చుట్లు తిరిగితే లోపలి సిలికాన్ ద్రవం పోయినట్టు. మధ్య బుడిపె చుట్టూ జిడ్డు చారలు కూడా కనబడతాయి. ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ (గాలిని రేడియేటర్ గుండా లాగేలా చేసే తొడుగు) విరిగిందా చూడండి. అది లేని ఫ్యాన్ అక్కడి గాలినే అక్కడ తిప్పుతుంది.

మూడోది, ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందు. ఈకలు, పురుగులు, ధాన్యం పొట్టు, మట్టి అక్కడ దుప్పటిలా పరుచుకుంటాయి. ముందు నుంచి చూస్తే ఏమీ కనబడదు. పైబోల్టులు విప్పి రేడియేటర్‌ను కొంచెం వెనక్కి వాల్చి టార్చి వేయండి. ఇంజిన్ వైపు నుంచి ముందుకు, మామూలు పంపు నీటి ధారతో కడగాలి. సర్వీసింగ్ షెడ్డు ప్రెషర్ గన్ దగ్గరగా కొడితే రేడియేటర్ మీది సన్నని రేకు రెక్కలు పడుకుంటాయి. పడుకున్న రెక్క గాలికి గోడే. కడిగాక రేడియేటర్ పక్కల, పైన ఉన్న సందులను ఫోమ్ పట్టీలతో మూయండి. గాలి సందులోంచి పోకుండా రెక్కల గుండానే వెళ్లాలి. దాదాపు ఖర్చు లేని పని ఇది, ఎవరూ చేయరు.

కూలెంట్ సంగతి. తీరం వైపు బోరు నీళ్లు పోశారా? భోగాపురం, పూసపాటిరేగ తట్టు చాలా బోర్లలో ఉప్పు తగులుతుంది. ఆ నీళ్లు అల్యూమినియాన్ని తినేస్తాయి, కాల్షియం ఉంటే లోపల గారలా పేరుకుంటుంది. డీమినరలైజ్డ్ నీళ్లు మాత్రమే వాడాలి. గ్లైకాల్ (కూలెంట్‌లో ఉండే ముఖ్య ద్రవం) ఎక్కువైతే ఎక్కువ చలవ అనుకోవడం పొరపాటు. వేడి మోయడంలో నీటికి సాటి లేదు. కిలో నీరు ఒక డిగ్రీ పెరగడానికి 4.18 కిలోజౌళ్లు తీసుకుంటే, సగం సగం మిశ్రమం 3.4 దగ్గరే ఆగుతుంది. మనకు గడ్డకట్టే చలి లేదు కనుక 40 పాళ్లు కూలెంట్, 60 పాళ్లు నీరు చాలు. ఏడు లీటర్ల వ్యవస్థకు 2.8 లీటర్ల కాన్సెంట్రేట్, 4.2 లీటర్ల నీరు. దీనికంటే పలచన చేస్తే తుప్పు ఆపే మందు చాలదు. డబ్బా మీద ‘రెడీ టు యూజ్’ అని ఉంటే ఇంకేమీ కలపొద్దు.

రేడియేటర్ మూత కూడా మార్చండి. 1.1 బార్ పట్టు నిలిపే మూత ఉంటే వట్టి నీరైనా 120 డిగ్రీలు దాటాకే మరుగుతుంది, పట్టు పోతే వందకే. ఘాట్ ఎక్కాక పైహోస్ చేత్తో నొక్కితే గట్టిగా తగలాలి. చల్లారాక తెరిచి చూస్తే కూలెంట్ రిజర్వాయర్ నుంచి వెనక్కి లాగి ఉండాలి.

ఇవన్నీ సరిచేసినా 105 డిగ్రీలు దాటుతుంటే అప్పుడు పెద్ద రేడియేటర్ ఆలోచించండి. మందం పెంచేకన్నా వెడల్పు, ఎత్తు పెంచడం మేలు. 26 మిల్లీమీటర్ల మందం కోర్‌కు (గొట్టాలు, రెక్కలు ఉన్న మధ్య భాగం) బదులు 50 వేస్తే వెనక సగానికి చేరేది అప్పటికే వేడెక్కిన గాలి. రీమ్యాప్ చేసినవారిని అడిగి రెండో గేరులో టార్క్ పది శాతం తగ్గించమనండి. సాలూరు నుంచి సుంకి దాకా ఘాట్‌లో లోడు లారీ వెనక మీకు ఆ పది శాతంతో పనేమీ లేదు.

ప్రశ్న: స్కోడా లారా 2.0 టీడీఐ, కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ పీడనంతో డీజిల్ అందే రకం). 140 నుంచి 175 పీఎస్‌కు రీమ్యాప్. ముందు వైపు పెద్ద ఇంటర్‌కూలర్ వేద్దామని ఉంది. 65 మిల్లీమీటర్ల మందం తీసుకోవాలా, 100 తీసుకోవాలా? (విజయనగరం)

ఏదీ కొనక ముందు ఓబీడీ స్కానర్‌లో (బండి కంప్యూటర్ అంకెలు చదివే పరికరంలో) ఇంటర్‌కూలర్ తర్వాతి గాలి ఉష్ణోగ్రత చూడండి. నాలుగో గేరులో 1800 నుంచి 4000 దాకా ఒకసారి పూర్తిగా లాగండి. బయటి ఉష్ణోగ్రత కన్నా 25 డిగ్రీల లోపు పెరిగితే మీ ఇంటర్‌కూలర్‌కు దోషం లేదు. 40 దాటితే కొనడానికి కారణం ఉంది. మధ్యలో ఉంటే, వెంటవెంటనే మూడుసార్లు లాగి మూడోసారి అంకె చూడండి. మొదటిసారి ఏ ఇంటర్‌కూలరైనా తన లోహంలో వేడి దాచుకుని మంచి పేరు తెచ్చుకుంటుంది.

లాభం ఎంతో ముందే తెలుసుకోండి. టర్బో నుంచి గాలి 153 డిగ్రీలకు వస్తోంది, బయట 40. వేడిలో 70 శాతం దించే ఇంటర్‌కూలర్ 74 డిగ్రీలు ఇస్తుంది. 80 శాతం దించేది 63 ఇస్తుంది. గాలి చిక్కదనంలో తేడా మూడు శాతం పైచిలుకు. ఇంటర్‌కూలర్ దాటేటప్పుడు గాలి పోగొట్టుకునే పీడనంలో కూడా ఇంతే లాభం దాగి ఉంటుంది. పాత కోర్‌లో 0.15 బార్ పోతూ కొత్తదానిలో 0.05 పోతే, ఆ 0.1 బార్ మళ్లీ నాలుగు శాతం పైన. రెండూ కలిస్తే ఏడెనిమిది శాతం గాలి. డీజిల్‌లో ఆ గాలి మొదట పొగను తగ్గిస్తుంది, ఎగ్జాస్ట్ వేడిని దించుతుంది. పవర్ కావాలంటే మ్యాప్ మళ్లీ సరిచేయాలి. పెట్రోల్ బండిలో ఇంధనం తగ్గితే వేడి, డీజిల్‌లో ఇంధనం ఎక్కువైతే వేడి. ఈ తేడా తెలియని ట్యూనర్ దగ్గరకు వెళ్లొద్దు.

మీ పవర్‌కు 550 × 230 × 65 కోర్ సరిపోతుంది. 100 మందం వద్దు. దాని వెనకే కండెన్సర్, రేడియేటర్ ఉన్నాయి. మే నెలలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఏసీ చలవ తగ్గుతుంది, నీళ్ల ముల్లు పైకి పోతుంది. బార్ అండ్ ప్లేట్ రకం బరువు ఎక్కువ, వేడిని నిదానంగా గ్రహిస్తుంది, రాయి తగిలినా తట్టుకుంటుంది. ట్యూబ్ అండ్ ఫిన్ తేలిక, వెనకకు గాలి బాగా వదులుతుంది. మన ఎండకు, రోజూ వాడే బండికి మా ఓటు ట్యూబ్ అండ్ ఫిన్‌కే. పైపులు 57 మిల్లీమీటర్లు చాలు, 63 దాటొద్దు. పైపు లావైన కొద్దీ నింపాల్సిన గాలి పెరిగి కింది ఆర్‌పీఎంలో స్పందన మందగిస్తుంది.

బిగింపులో జరిగే తప్పులే అసలు సమస్య. పైపు చివర ఉబ్బు అంచు లేకపోతే 1.3 బార్ బూస్ట్‌కు హోస్ జారిపోతుంది. గొట్టం చుట్టూ సమంగా బిగిసే టీ బోల్ట్ క్లాంపులు వాడండి. డీజిల్ క్రాంక్‌కేస్ (పిస్టన్ల కింద ఆయిల్ ఉండే ఇంజిన్ భాగం) నుంచి ఆయిల్ ఆవిరి వస్తూనే ఉంటుంది, అది మామూలు సిలికాన్ హోస్ గోడలోంచి చెమటలా ఊరుతుంది. లోపల ఫ్లోరోసిలికాన్ పొర ఉన్న హోస్ అడగండి. పైపులు బిగించే ముందు హోస్ లోపలా, పైపు మీదా జిడ్డు పూర్తిగా తుడవాలి. జిడ్డు మీద ఎంత బిగించినా నిలవదు.

అయ్యాక లీకు పరీక్ష తప్పనిసరి. ప్లంబింగ్ షాపులో సరైన సైజు పీవీసీ మూతలు రెండు కొని, ఒకదానికి ట్యూబ్‌లెస్ టైరు వాల్వ్ బిగించండి. టర్బో నుంచి వచ్చే హోస్ ఒక చివర, ఇంజిన్ వైపు వెళ్లేది ఇంకో చివర మూసి 1.5 బార్ గాలి ఎక్కించండి. ఇంజిన్‌ను ఈ పరీక్షలో కలపొద్దు, గాలి సిలిండర్ల గుండా క్రాంక్‌కేస్‌లోకి పోయి సీళ్లు చెడతాయి. మూతకు ఎదురుగా నిలబడొద్దు, జారితే రాయిలా ఎగురుతుంది. సబ్బు నీళ్లు పూస్తే బుడగ వచ్చిన చోటే లీకు. అయిదు నిమిషాల్లో 0.1 బార్ కన్నా ఎక్కువ పడకూడదు. 500 కిలోమీటర్ల తర్వాత క్లాంపులన్నీ మళ్లీ ఒకసారి బిగించండి.

పాత ఇంటర్‌కూలర్ విప్పినప్పుడు అడుగున రెండు మూడు చెంచాల ఆయిల్ ఉంటే కంగారు పడొద్దు. టీ గ్లాసు నిండా వస్తే టర్బో షాఫ్ట్‌ను వేలితో ఊపి చూడాలి. పక్కకు రవ్వంత కదలిక మామూలే. ముందుకూ వెనక్కూ కదిలినా, రెక్క గోడకు రాసుకున్న గీతలున్నా ముందు టర్బో పని చూడండి.

ప్రశ్న: వానాకాలంలో ఫ్యూయల్ ఫిల్టర్‌లో నీటి దీపం వెలుగుతోంది. ఇంకో ఫిల్టర్ అదనంగా పెడితే ఇంజెక్టర్లకు మంచిదా? (పలాస)

మంచిదే, సరైన చోట పెడితే. కామన్ రైల్‌లో పీడనం 1600 బార్ దాకా ఉంటుంది, ఇంజెక్టర్ లోపలి ఖాళీలు రెండు మూడు మైక్రాన్లు. కాబట్టి ఆఖరి ఫిల్టర్ కంపెనీదే ఉండాలి. అదనపు ఫిల్టర్ దానికి ముందు, ట్యాంకు వైపు రావాలి. 30 మైక్రాన్ల ఎలిమెంట్, అడుగున పారదర్శక గిన్నె, నీరు వదిలే మర ఉన్న సెపరేటర్ తీసుకోండి. ముందుదానికీ 5 మైక్రాన్లు పెట్టారంటే త్వరగా మూసుకుపోతుంది. అది పంపు పీల్చే వైపు కదా, డీజిల్ అందక పంపు లోపలి భాగాలు పొడిగా రాసుకుని ఇనుప రజను వదులుతాయి. ఆ రజను నేరుగా ఇంజెక్టర్లకు వెళ్తుంది. హైప్రెషర్ పంపు తర్వాత లైనులో మాత్రం ఏ ఫిల్టరూ పెట్టకూడదు.

ఫిల్టర్ మార్చేటప్పుడు చాలామంది చేసే పని, క్యాన్‌లో డీజిల్ తెచ్చి కొత్త ఫిల్టర్ మధ్య రంధ్రంలో పోసి బిగించడం. మధ్య రంధ్రం శుభ్రమైన డీజిల్ బయటికి పోయే దారి. అక్కడ పోసిన మట్టి ఫిల్టర్ కాకుండానే ఇంజెక్టర్ చేరుతుంది. ఖాళీగా బిగించి, చేతి పంపు గట్టిపడే దాకా నొక్కి, అప్పుడు స్టార్ట్ చేయండి. చేతి పంపు లేని బండికి ఇగ్నిషన్ ఆన్ చేసి పది సెకన్లు ఆగి ఆపాలి. ఇలా నాలుగైదుసార్లు చేస్తే ట్యాంకులోని పంపు నింపుతుంది.

దీపం వెలిగితే ఆ రోజే నీరు వదలండి. వానాకాలంలో వెలగకపోయినా నెలకోసారి. డ్రమ్ములో నిల్వ పెట్టిన డీజిల్ పోసే అలవాటు ఉంటే మానండి. డ్రమ్ము అడుగున చేరే నీరు, అందులో పెరిగే నాచులాంటి జిగురు ఫిల్టర్‌ను వారంలో మూసేస్తాయి.

ప్రశ్న: ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత మీటరు ఎక్కడ పెట్టాలి? ఎంత దాటకూడదు? (రాజాం)

టర్బోకు ముందు, నాలుగు పైపులు కలిసే చోట. టర్బో తర్వాత పెడితే లోడు మీద వంద నుంచి రెండు వందల డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, అదీ స్థిరంగా కాదు. కె రకం థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) వాడండి, మొన గొట్టం మధ్యకు రావాలి. రంధ్రం చేయడానికి మానిఫోల్డ్ విప్పి కిందికి దించాల్సిందే. బండి మీదే డ్రిల్ చేసి ‘గ్రీజు పూస్తే రజను అంటుకుంటుంది’ అనే మెకానిక్ మాట వినొద్దు. ఒక్క పోగు చాలు టర్బైన్ రెక్క విరగడానికి. లోడు మీద ఎంతసేపు వెళ్లినా 750 డిగ్రీల లోపు ఉండాలి, కొద్ది సెకన్లు 800 పరవాలేదు. అది దాటిన మ్యాప్‌ను వెనక్కి తగ్గించండి.

ప్రశ్న: ఆయిల్ కూలర్ అవసరమా? (ఎచ్చెర్ల)

హైవే మీద గంటసేపు పరిగెత్తాక ఆయిల్ 115 డిగ్రీల లోపుంటే అక్కర్లేదు. 125 దాటుతుంటే పెట్టించండి, 80 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ ఉన్న అడాప్టర్ పళ్లెంతోనే. అది లేకపోతే పొద్దున్నే ఆయిల్ వేడెక్కడానికే అరగంట పడుతుంది. పెద్ద ఆయిల్ ఫిల్టర్ కోసం వెతికేటప్పుడు సైజు ఒక్కటే చూడొద్దు, బైపాస్ వాల్వ్ పీడనం, తిరిగి కారకుండా ఆపే రబ్బరు కంపెనీదానితో సరిపోవాలి. గట్టిగా నడిపాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి. ఎర్రగా ఉన్న టర్బోలో ఆగిపోయిన ఆయిల్ బొగ్గులా మాడి బేరింగ్ దారి మూస్తుంది.

ప్రశ్న: బీఎస్ 6 (కాలుష్య ప్రమాణం) బండి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తీసేస్తే టర్బో చల్లగా ఉంటుందంటున్నారు. తీసేయమంటారా? (ఇచ్ఛాపురం)

తీయొద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే ఖరారు చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉన్నాయి. రీమ్యాప్, ఇంటర్‌కూలర్ చేయించుకున్నవారు కూడా ఆర్టీఓ కార్యాలయంలో అడిగి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

మీ అసలు బాధ డీపీఎఫ్ తరచూ నిండటం అయితే, మూలం పొగలో ఉంది. బూస్ట్ లీకు, మూసుకున్న ఎయిర్ ఫిల్టర్, ఇంధనం ఎక్కువిచ్చే మ్యాప్, ఈ మూడూ చూడండి. రీజనరేషన్ (డీపీఎఫ్‌లో చేరిన మసిని బండి తానే కాల్చుకోవడం) మధ్యలో బండి ఆపేస్తే, సిలిండర్‌లోకి ఆలస్యంగా చిమ్మిన డీజిల్ గోడల వెంట ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత దాటి పెరిగిందంటే కారణం అదే, వెంటనే మార్చాలి. ఆయిల్ డబ్బా మీద ఏసీఈఏ సీ3 లాంటి తక్కువ బూడిద రకం రాసి ఉండాలి.

ప్రశ్న: సముద్రం ఒడ్డున ఇల్లు. రేడియేటర్, ఇంటర్‌కూలర్ రెక్కలు తెల్లగా పొడిపొడిగా రాలుతున్నాయి. పెయింట్ వేయొచ్చా? (కళింగపట్నం)

బ్రష్‌తో గానీ, దళసరి ఎనామిల్ గానీ వేయొద్దు, రెక్కల మధ్య సందు మూసుకుపోతుంది. వారానికోసారి మంచి నీటితో మెల్లగా కడగండి, ఉప్పు ఆరిపోయి గట్టిపడక ముందే. కడిగే మందుల్లో ఆమ్లం, కాస్టిక్ ఉన్నవి వాడొద్దు. ఏసీ షెడ్డుల్లో దొరికే కొన్ని కాయిల్ క్లీనర్లు అలాంటివే, నురుగు తెల్లగా పొంగి శుభ్రమైనట్టు కనబడుతుంది, పొంగింది మీ అల్యూమినియమే. వేలితో గీరితే రెక్క రాలిపోయే స్థితికి వస్తే ఆ కోర్ వేడి వదలదు, మార్చండి. కొత్తది కొనేటప్పుడు ఫ్యాక్టరీలోనే పలుచని ఎపాక్సీ పూత వేసినది అడగండి. ఇంటర్‌కూలర్‌ను ఇనుప బ్రాకెట్‌కు నేరుగా బిగించొద్దు. మధ్య రబ్బరు వాషర్ వేయాలి. ఉప్పు తేమలో ఇనుము, అల్యూమినియం తగిలిన చోటే మొదట తినేస్తుంది.